వృక్షవిశేషము

మన పిల్లలు కంపెనీల గుర్తులను చూచినంతనే పోల్చుదురనియు, పెరటిలోని చెట్టు ఆకును చేతికిచ్చిన తెల్లమొగము వేయుదురనియు పెద్దలు తరచుగా వాపోవుచున్నారు. ఆ మాట అబద్ధము కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞులు కొందరు ఇంగ్లండులోని పిల్లలకు బొమ్మచీట్లు చూపి జరిపిన పరీక్ష 2002లో వెలువడినది. ఎనిమిదేండ్ల పిల్లలు పోకెమాన్ అను కల్పిత జంతువులను నూటికి 78 వంతున గుర్తించిరి. తమ దేశమున నిజముగా నుండు ప్రాణులను, చెట్లను నూటికి 53 వంతున మాత్రమే గుర్తింపగలిగిరి. అయినను నేరమంతయు పిల్లలపైనను కంపెనీలపైనను మోపి ఊరకుండుట మాకు న్యాయముగా తోచదు. చెట్టును విడిచి చెట్టు పేరును మాత్రమే నేర్పు విద్యను మన సాహిత్యపండితులు ఏనాడో ఆరంభించి యున్నారు.

కావ్యములకు వ్రాసిన టీకలను తెరచి చూడుడు. చెట్టు పేరు తగిలిన చోట పెక్కుసారులు కనబడు అర్థము "వృక్షవిశేషము" అని. అనగా ఏదియో యొక చెట్టు. ఏనుగునకు "జంతువిశేషము" అని అర్థము వ్రాసిన టీకాకారుని చూచి మనము నవ్వుదుము గదా! చెట్టు విషయమున ఆ నవ్వు రాదు. అమరకోశము ద్వితీయకాండమున వనౌషధివర్గము గలదు. దానిని వల్లించినవారు పలాశము, కింశుకము, పర్ణము, వాతపోథము అని నాలుగు పేర్లను గుక్క తిప్పుకొనక చెప్పుదురు. మోదుగు కొమ్మను ఎదుట నిలిపినచో ఆ నాలుగు పేర్లును దీనివే యని చెప్పగలవారు అరుదు. ఇది అమరసింహుని తప్పు కాదు. చెట్టు నెరిగినవారికి అతడు పర్యాయపదములను కూర్చి యిచ్చెను. మనకు చెట్టు పోయి పర్యాయపదములు మిగిలినవి.

పోతన భాగవతము అష్టమస్కంధములోని త్రికూటపర్వత వర్ణనమును బాలురచేత ఒప్పజెప్పించు గురువులు నేటికిని గలరు. ఆ వచనమున మధూకమున్నది, పలాశమున్నది, భల్లాతకమున్నది. భల్లాతకమనగా నల్లజీడియే యనియు, దాని రసము తగిలిన ఒడలు పొక్కుననియు, ఆ రసముతోనే చాకలివారు ఇంటింటి బట్టలకు వేర్వేరు గుర్తులు పెట్టెడివారనియు చెప్పిన గురువులెందరు? గుర్తులను ఇంత చక్కగా పోల్చు పిల్లలకు ఆ ఒక్క ముచ్చట చెప్పినను చెట్టు గుర్తుండెడిది.

ఆదికవి మార్గమిట్టిది కాదు. అరణ్యకాండమున లక్ష్మణుడు పర్ణశాలను కట్టిన ఘట్టమును చూడుడు. మట్టి పోసి గట్టిపరచుట, స్తంభములు నిలుపుట, పొడుగైన వెదుళ్లు వేయుట, జమ్మికొమ్మలు పరచి త్రాళ్లతో బిగించుట, దర్భలు, రెల్లు, ఆకులు పైని కప్పుట — అంతయు వరుసగా చెప్పినాడు. ఏ కొమ్మ దేనికి పనికివచ్చునో తెలిసినవాని మాట అది. ఆ పర్ణశాల తమ యొద్దనే, భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున దుమ్ముగూడెము మండలమున నున్నదని ఇచటివారి విశ్వాసము. "పర్ణశాల యనగా ఆకుల యిల్లు" అని ఒక్క ముక్కలో తేల్చివేయు వ్యాఖ్యాత ఆ యింటి పైకప్పును చూడలేదు, గోడను చూడలేదు.

ఇక ఖమ్మము వదలి కొత్తగూడెము మీదుగా భద్రాచలమునకు పోవు త్రోవను తలచుకొందము. టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి గల అడవి. నడుమ నడుమ వరుసలు తీర్చిన జామాయిల్ తోటలు. గోదావరికి ఈవల సారపాకలో ఐటీసీవారి కాగితపు మిల్లు గలదు. జామాయిల్, సుబాబుల్ కర్రలు అచట గుజ్జయి కాగితమగును. అదే సంస్థవారు 2003లో క్లాస్‌మేట్ అను పేరుతో నోటుపుస్తకములను అమ్మజొచ్చిరి. ఆ పుస్తకపు అట్టను బడిపిల్లలు దూరమునుండియే పోల్చుదురు. అందలి కాగితమునకు మూలమైన చెట్టు బాటప్రక్కనే నిలిచి యున్నను, లేత మొక్కకు వెడల్పాటి ఆకు, ముదిరిన చెట్టుకు కొడవలివలె వ్రేలాడు సన్నని ఆకు, నలిపిన ఘాటైన వాసన — ఇవి వారికి తెలియవు. ఏలయన అట్ట వారి చేతిలో నున్నది. ఆకుతో వారికి పని లేదు.

పని గలవారికి తెలియును. తునికాకు సంగతి చూడుడు. ఫిబ్రవరి మార్చి నెలలలో పొదలను నరికిన పిదప చిగిర్చిన ఆకును ఏప్రిల్ మే నెలలలో కోయుదురు. ఏబది ఆకులు ఒక కట్ట. కోయ స్త్రీలు, వారి వెంట పిల్లలు, తెల్లవారకమున్నే అడవికి పోయి, చిల్లిపడినదానిని, మచ్చ గలదానిని, మరీ ముదిరినదానిని వ్రేళ్లతోనే తెలిసికొని విడిచి, మంచి ఆకును కల్లమునకు చేర్తురు. 1971 నాటి చట్టముతో ఈ వ్యాపారము ప్రభుత్వాధీనమైనది. ఆకును ఏరినవారి పేరు ఎచటను వ్రాయబడదు. దానిలో పొగాకు చుట్టి కట్టిన బీడీకట్టపై అంటించు కాగితమున కంపెనీ బొమ్మ మాత్రము ఊరూర తెలియును.

ఈ యెరుక గల పిల్లవాడే బడికి వచ్చును. పరీక్షలో ఆకు బొమ్మ గీచి భాగములకు పేర్లు పెట్టుమందుము. పేర్లు వ్రాసిన పట్టణపు బాలునికి మార్కులు వచ్చును. చీకటిలో తడిమి తునికిని మద్దిని వేరుచేయగలవానికి సున్న వచ్చును. నాలుగేండ్లు గడచునప్పటికి వాడును తన యెరుకను చెప్పుకొనుటకు సిగ్గుపడును. ఈ నష్టము మాకు కంపెనీ గుర్తుల బెడదకన్న ఎక్కువగా తోచుచున్నది.

మన యిండ్ల సంగతియు ఇట్లే యున్నది. మోదుగాకు విస్తళ్లు కుట్టిన ముత్తైదువలకు ఆ చెట్టును ఎవరును చూపనక్కరలేకపోయెను. నేడు పెండ్లిపంక్తులలో అరటియాకు బొమ్మ అచ్చొత్తిన కాగితపు పళ్లెములు వేయుచున్నారు. ఆకు సయితము అచ్చుగుర్తు అయినది!

టీకలు వ్రాయువారిని, పాఠ్యపుస్తకములు కూర్చువారిని మేము కోరునది స్వల్పము. "పలాశము: మోదుగు. ఒక్క కాడకు మూడాకులు, విస్తళ్లు కుట్టుదురు, ఆకు రాలినపుడు ఎర్రగా పూయును." ఇంతకు రెండు పంక్తులు చాలును. "మధూకము: ఇప్ప. కొమ్మకొనల గుత్తిగా ఆకులు. త్రుంచిన పాలు కారును. పూవులు తెల్లవారుజామున రాలును." పండితునికి ఇది తెలియనిచో, వెనుకబల్లపై కూర్చున్న కోయపిల్లవానిని లేపి అడుగవచ్చును.