అభ్యసన శైలులు: ఒక విమర్శ

ఒకే ఉపాధ్యాయుడు ఒకే పాఠమును చెప్పినను తరగతిలోని పిల్లలందరును దానిని ఒకే రీతిగా గ్రహింపరు. ఇది బడిలో ఒక్క మాసము పాఠము చెప్పినవారికైనను తెలిసిన సంగతియే. దీనికి కారణమేమి? "కొందరు చూచి నేర్చుకొందురు, కొందరు విని నేర్చుకొందురు, మరికొందరు చేసి నేర్చుకొందురు. ఎవరి శైలికి తగినట్లు వారికి బోధింపవలెను" అనునది నేడు ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో తరచు వినబడు సమాధానము. వినుటకు ఇంపుగానే యున్నది. కాని విజ్ఞానశాస్త్రము బోధించు మనము దీనిని పరీక్షింపకయే అంగీకరించుట తగునా?

ఈ సిద్ధాంతమునకు అనేక రూపములు కలవు. న్యూజీలాండులో పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన నీల్ ఫ్లెమింగ్ కల్పించిన 'వార్క్' ప్రశ్నావళి వానిలో మిక్కిలి ప్రచారము పొందినది. చూపు, వినికిడి, చదువు-వ్రాత, చేత అని అందు నాలుగు తెగలు. ఇట్టి శైలి నమూనాలను 71 వరకు 2004లో ఇంగ్లండులో కాఫీల్డును, ఆయన సహచరులును గుర్తించిరి. ఒకే విషయమును గూర్చి 71 వర్గీకరణలున్నవనగా, ఆ వర్గీకరణకు ఇంకను గట్టి పునాది పడలేదనియే ఈ వ్యాసకర్త తలంపు.

సిద్ధాంతము నిజమని చెప్పుటకు ఎట్టి సాక్ష్యము కావలెను? 2008లో పాష్లర్ మొదలగు నలుగురు అమెరికను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే వేసికొనిరి. రక్తవర్గములను తలచుకొన్నచో వారి వాదము తేలికగా బోధపడును. బి వర్గము రక్తము బి వర్గము వానికి మేలు చేయును. ఎ వర్గము వానికి కీడు చేయును. శైలులును అట్టివే యైనచో, 'చూపు' పిల్లలలో కొందరికి బొమ్మలతోను, కొందరికి మాటలతోను చెప్పి, 'వినికిడి' పిల్లలకును అట్లే చేసి, అందరికిని ఒకే పరీక్ష పెట్టినప్పుడు, మొదటివారికి బొమ్మలును, రెండవవారికి మాటలును ఎక్కువ ఫలింపవలెను. బొమ్మలే ఇరువురకును మేలు చేసినచో, అది బొమ్మల గొప్పతనమే గాని శైలుల నిరూపణము కాదు. ఈ విధముగా జరిపిన ప్రయోగములు బహు స్వల్పమనియు, జరిపినవానిలో పెక్కింటి ఫలితములు సిద్ధాంతమునకు విరుద్ధముగా నున్నవనియు వారు తేల్చిరి. 2015లో రొగౌస్కీ బృందము వయోజనులలో కొందరికి ఒక పుస్తకభాగమును వినిపించి, కొందరిచే చదివించి పరీక్షించెను. ఆ ఫలితములకును వారు కోరుకొను శైలికిని సంబంధము కానరాలేదు.

ఇష్టము వేరు, నేర్చుట వేరు. ఈ రెండింటిని ఒకటిగా భావించుటయే ఇచటి పొరపాటు.

ఈ వ్యాసకర్తయు ఒకప్పుడు దీనిని నమ్మినవాడే. ఒక సంవత్సరము ఇంటర్మీడియేటు విద్యార్థులకు అట్టి ప్రశ్నావళి నిచ్చి, ఎవరిది ఏ శైలియో వారికి చెప్పియుంటిని. కొన్నాళ్లకు కటకముల పాఠము వచ్చినది. కిరణ చిత్రము గీయని ఒక విద్యార్థిని కారణమడుగగా, "నాది వినికిడి శైలి కదా సార్, బొమ్మలు నాకు పడవు" అన్నాడు. వాని తప్పేమున్నది? ఆ మాట నేర్పినవాడను నేనే. కిరణ చిత్రము లేక కటకమును చెవితో నేర్చుట ఎట్లు? సంగీతమును కంటితోను, దేశపటమును చెవితోను నేర్పగలమా? ఏ ఇంద్రియమునకు పని చెప్పవలెనో పెక్కు సందర్భములలో నిర్ణయించునది పాఠ్యవిషయమే. చూపుగాని వినికిడిగాని లోపించిన పిల్లల సంగతి వేరు. వారికి కావలసిన ఏర్పాటు శైలి కాదు, హక్కు.

మరి తేడాలు లేవా? ఉన్నవి. పిల్లవానికి ఇంతకుముందే ఏమి తెలియును, ఏమి తప్పుగా తెలియును అనునది అన్నింటికంటె పెద్ద తేడా. ఒక ప్రశ్న చూడుడు. కుంభాకార కటకము వలన తెరపై క్రొవ్వొత్తి ప్రతిబింబము పడుచున్నది. కటకము పై సగమును అట్టముక్కతో కప్పినచో ఏమగును? సగము ప్రతిబింబము మాయమగునని పెక్కుమంది చెప్పుదురు. 1987లో గోల్డ్‌బర్గ్, మెక్‌డెర్మాట్ అనువారు అమెరికాలో కళాశాల విద్యార్థులను అడుగగా, పాఠము విన్నవారిలో సైతము అనేకులు ఇట్లే చెప్పిరి. నా తరగతిలో నాలుగు తెగలవారును ఇదే చెప్పిరి! నిజమునకు ప్రతిబింబము పూర్తిగనే యుండును. కాంతి మాత్రము తగ్గును. వస్తువు నందలి ప్రతి బిందువు నుండియు కిరణములు కటకమంతటను పడుటయే ఇందుకు కారణము. మన పుస్తకములలో రెండే కిరణములు గీయుటచే, ఆ రెండే ఉన్నవని పిల్లలు భ్రమపడుదురు. ఈ చిక్కు కంటిదియు కాదు, చెవిదియు కాదు.

ఇప్పుడు ప్రశ్నావళి పంచుట మానితిని. ముందుగా పై ప్రశ్న వేసి, అందరిచేతను జవాబు వ్రాయింతును. తరువాత 10 సెంటీమీటర్ల నాభ్యంతరము గల కటకమునకు 30 సెంటీమీటర్ల దూరమున క్రొవ్వొత్తి నుంచి, ఆవలివైపు 15 సెంటీమీటర్ల దూరమున తెర పెట్టి, వారిచేతనే అట్ట అడ్డము పెట్టింతును. జ్వాల తెరపై తలక్రిందులుగా, కాస్త మసకగా, చెక్కుచెదరక నిలుచును. ఒక నిమిషము తరగతిలో గోల. ఆ తరువాత అందరును బొమ్మ గీయవలెను, అందరును కారణము నోటితో చెప్పవలెను. 'వినికిడి' విద్యార్థి నాడు మొదటిసారిగా పెన్సిలు చెక్కి, జ్వాల కొన నుండి రెండు కాదు, తొమ్మిది కిరణములు గీసినాడు.