వీడియోలో చూసే దీవి, మనం వెళ్లే దీవి

ఈ కాలంలో పక్క ఊరి జాతరకి వెళ్లాలన్నా ముందు ఫోన్ తీసి వీడియో చూడటం అలవాటైపోయింది. మా హూడిలో మరీను. మెట్రోలో, బస్సులో, టీ కొట్టు దగ్గర ఎవరి ఫోన్‌లో చూసినా నీలం రంగు సముద్రం, తెల్లటి ఇసుక. అండమాన్, లక్షద్వీప్, ఉడుపి దగ్గరి సెయింట్ మేరీస్ దీవి, అన్నిటికీ తెలుగులోనే బోలెడు వీడియోలు ఉన్నాయి. చూడటానికి అన్నీ బాగానే ఉంటాయి. వాటిని నమ్ముకుని టికెట్లు కొనవచ్చా అనేదే ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

దీవి అనే సరికి ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమంటే, తిరుపతికి వెళ్లేటప్పుడు ఒక బస్సు తప్పితే ఇంకో బస్సు వస్తుంది. దీవికి అలా కాదు. విమానం, దాని తర్వాత పడవ, పడవకి సముద్రం ఒప్పుకోవడం, ఇవన్నీ కుదరాలి. ఒక్కటి తప్పినా మిగతావన్నీ తప్పుతాయి. కాబట్టి దీవి గురించి తప్పు సమాచారం ఇస్తే దానికి ఖరీదు ఎక్కువ.

మా ఇంట్లో ఇది ఉత్త మాటల విషయం కాదు. వచ్చే ఏడాది చీటీ డబ్బులు చేతికొస్తాయి. నా ఎస్‌ఎస్‌ఎల్‌సీ పరీక్షలు అయ్యాక ఏప్రిల్‌లో అందరం అండమాన్ వెళ్దామని నాన్న అన్నాడు. నాన్నకి వారం సెలవంటే వారం జీతం పోయినట్టే. అవ్వకి మోకాళ్ల నొప్పులు. అందుకని నేను ఒక నోటుపుస్తకం పెట్టుకుని, అండమాన్ మీద తెలుగులో వచ్చిన వీడియోలు పదిహేను దాకా చూశాను. ఏ నెలలో తీశారు, ఎంత ఖర్చు చెప్పారు, పడవ గురించి ఏమన్నారు అని గీతలు గీసి రాసుకున్నాను.

ముందు మంచి చెప్పాలి. ఈ వీడియోలు లేకపోతే మాలాంటి వాళ్లకి అండమాన్ అంటే పాఠ్యపుస్తకంలో సెల్యులార్ జైలు బొమ్మ, అంతే. ఇంగ్లీషు, హిందీ సరిగా రాని మా అమ్మకి విమానాశ్రయంలో ఏ వరసలో నిలబడాలి, జెట్టీ దగ్గర ఏ కాగితం చూపించాలి అన్నది మన భాషలో, మన యాసలో చెప్పేవాడు ఒకడు దొరికాడు. ఇది చిన్న మేలు కాదు. మా అమ్మకున్న భయం సగం వీడియోలే తీర్చాయి.

ఇక లోపాలు. మొదటిది నెల. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం జనవరి, ఫిబ్రవరిలో తీసినవి. అప్పుడు అక్కడ ఆకాశం నిర్మలంగా ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. కానీ మన బడికి సెలవులు ఎప్పుడు? ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ దసరాకి. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మామూలుగా మే మూడో వారం ప్రాంతంలోనే అండమాన్‌ని తాకుతాయి. దసరా రోజుల్లోనూ అక్కడ వానలు పడుతుంటాయి. అంటే వీడియో తీసేవాళ్లు వెళ్లే నెల వేరు, బడి పిల్లలున్న కుటుంబం వెళ్లగలిగే నెల వేరు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల నిజం మన సెలవులకి పనికిరాదు, అంతే. దీన్ని చూశాకే మా ఇంట్లో మే అనుకున్నది ఏప్రిల్‌కి జరిపాం.

రెండోది గడియారం. ప్రతి వీడియోలోనూ సూర్యాస్తమయం ఉంటుంది, వెనకాల పాట ఉంటుంది. అది ఎన్ని గంటలకో చెప్పేవాళ్లు తక్కువ. మన భూగోళ పాఠం గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిక లెక్క. బెంగళూరు సుమారు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, పోర్ట్ బ్లెయిర్ సుమారు 93 మీద. తేడా 15 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున గంట. గడియారం మాత్రం దేశమంతటికీ ఒకటే. కాబట్టి మనకంటే గంట ముందే అక్కడ తెల్లారుతుంది, గంట ముందే పొద్దుగూకుతుంది. చలికాలంలో సాయంత్రం ఐదు దాటితే చీకటే. మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు పడుకుని, నాలుగున్నరకి బీచ్‌కి బయలుదేరే మన అలవాటు అక్కడ పనికిరాదు. ఈ ఒక్క మాట చెప్తే ఒక కుటుంబానికి ఒక రోజు మిగులుతుంది.

మూడోది పేర్లు. పాత వీడియోల్లో హావ్‌లాక్, నీల్ అంటారు. 2018 డిసెంబర్ 30న హావ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని, రాస్ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌నే శ్రీ విజయ పురం అన్నారు. 2023 జులైలో విమానాశ్రయానికి కొత్త టెర్మినల్ కూడా ప్రారంభమైంది. ఆరేళ్ల కిందటి వీడియో చూసుకుని వెళ్లినవాళ్లు దిగగానే ఇదేంటి వేరేగా ఉంది అని తికమక పడతారు. వీడియోకి పాలప్యాకెట్టు మీద ఉన్నట్టు తేదీ పెద్ద అక్షరాలతో ఉండాలని నాకనిపిస్తుంది.

నాలుగోది డబ్బు. "ఇంత తక్కువలో అండమాన్" అని పైన బొమ్మ మీద పెద్దగా రాస్తారు. లోపలికి వెళ్తే ఆ లెక్కలో విమానం టికెట్ ఉండదు. ఒక్కోసారి గది అద్దె ఉండదు, ఎందుకంటే హోటల్‌వాళ్లు ఊరికే ఇచ్చి ఉంటారు. డబ్బు గానీ ఉచితంగా బస గానీ తీసుకుని పొగిడితే ఆ సంగతి చూసేవాళ్లకి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. నిజాయితీగా చెప్పేవాళ్లు ఉన్నారు. వీడియో చివర, పేర్లు గబగబా పరుగెత్తేటప్పుడు చిన్న అక్షరాలతో చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒంటరిగా, వీపున సంచీ తగిలించుకుని తిరిగే యువకుడి ఖర్చుని ఐదుగురితో గుణిస్తే మా ఇంటి ఖర్చు రాదు. అవ్వకి ఆటో కావాలి, తమ్ముడికి పాలు కావాలి.

ఐదోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది, కత్తెర. వీడియో అంటేనే కత్తిరించి అతికించింది. జెట్టీలో ఒక మనిషి టాటా చెప్తాడు, మరుక్షణం ఇంకో దీవిలో దిగుతాడు. మధ్యలో ఉన్నది పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి గంటన్నర నుంచి రెండున్నర గంటల పడవ ప్రయాణం. అందులో వాంతులు, వరసలు, ఎదురుచూపులు, మరుగుదొడ్డి కోసం వెతుకులాట అన్నీ ఉంటాయి. అదంతా కత్తెరకి పోతుంది. 2016 డిసెంబర్‌లో తుఫాను గాలికి పడవలు ఆగిపోయి హావ్‌లాక్‌లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అలాంటిది రోజూ జరగదు. కానీ తిరుగు విమానానికి ముందు ఒక రోజు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఖాళీగా ఉంచుకోవాలని దాన్నిబట్టి ఎవరికైనా అర్థమవుతుంది. "ఐదు రోజుల్లో అన్నీ" అనే వీడియోల్లో ఆ ఖాళీ రోజు ఉండదు.

ఇక్కడ ఒక వీడియో గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని చూసినవాళ్లు తక్కువ. కెమెరా ఊగుతుంది, గాలి హోరుకి మాట వినపడదు. ఒక కుటుంబం తమ కోసం తీసుకున్నట్టుంది. అందులో ఒక పెద్దావిడ పడవ ఎక్కుతుంటే ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుంటారు. పడవ పైకీ కిందికీ ఊగుతుంటే ఆవిడ కాలు పెట్టబోయి ఆగుతుంది, మళ్లీ పెడుతుంది. పది సెకన్లు ఉంటుందేమో. మా అవ్వ దాన్ని మూడుసార్లు వేయించుకుని చూసింది. "ఇద్దరు పట్టుకుంటే నేనూ ఎక్కతాలే" అంది. డ్రోన్‌తో ఆకాశం నుంచి తీసిన వీడియోలు ఎన్ని చూసినా మాకు దొరకని జవాబు ఆ పది సెకన్లలో దొరికింది.

అంత దూరం ఎందుకు, మన కర్ణాటకలోనే ఉన్న సెయింట్ మేరీస్ దీవిని తీసుకుందాం. ఉడుపి దగ్గర మల్పె నుంచి పడవలో కొద్దిసేపే. లావా చల్లారి స్తంభాల్లా గట్టిపడిన రాళ్లు అక్కడి వింత. ప్రతి రీల్‌లోనూ ఆ రాళ్ల మీద నిలబడిన ఫొటో ఉంటుంది. వానాకాలంలో పడవలు ఆపేస్తారనీ, రాత్రి అక్కడ ఉండనివ్వరనీ, ఆ రాళ్ల పక్కన అలలు ప్రమాదమనీ ముప్పై సెకన్లలో ఎవరు చెప్తారు? రీల్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ దాస్తుంది.

చివరిగా, మనుషుల సంగతి. దీవి అంటే ఇసుక, నీళ్లు మాత్రమే అన్నట్టు చాలా వీడియోలు ఉంటాయి. బారాటాంగ్ వెళ్లే దారి జారవాల అడవి గుండా పోతుంది. వాళ్లని ఫొటో తీయడం, వీడియో తీయడం నేరం. అయినా "జారవాలు కనిపించారు" అని ఆశ పెట్టే బొమ్మలు వస్తూనే ఉంటాయి. 2012లో జారవా స్త్రీల చేత పర్యాటకుల కోసం డాన్స్ చేయించిన వీడియో బయటపడి దేశమంతా తలదించుకుంది. 2025 మార్చిలో ఒక అమెరికా యువకుడు కోలా డబ్బా, కొబ్బరికాయ పట్టుకుని, ఎవరూ అడుగుపెట్టకూడని నార్త్ సెంటినెల్ దీవికి పోయి అరెస్టయ్యాడు. బయటివాళ్లు తెచ్చే మామూలు జలుబు కూడా ఆ కొద్దిమందికి ప్రాణాంతకం కావచ్చు. ఎక్కువ మంది చూడాలన్న ఆశ ఎంత దూరం పోగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. జనాన్ని వింతజంతువుల్లా చూపించే వీడియో ఎంత బాగా తీసినా నేను సున్నా మార్కులే వేస్తాను.

ఇంకో వింత కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది దాకా తెలుగు మాట్లాడేవాళ్లే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి సముద్రం మీద బతకడానికి వెళ్లి స్థిరపడినవాళ్లు చాలామంది. అక్కడ తెలుగు మాధ్యమంలో చదువుకునే పిల్లలు కూడా ఉన్నారు, బెంగళూరులో మనం ఉన్నట్టే. తెలుగులో తీసిన వీడియోలు వాళ్లని పలకరించకుండా వచ్చేస్తున్నాయి. ఈ రోజు సముద్రం ఎలా ఉంటుందో ఏ వీడియో కంటే వాళ్లకే బాగా తెలుసు.

మరి నా తీర్పు ఏమిటి? వెళ్లాలా వద్దా అని తేల్చుకోవడానికి వీడియోలు పనికొస్తాయి. ఎప్పుడు వెళ్లాలి, ఎంత అవుతుంది, ఎలా తిరిగి రావాలి అన్నవాటికి అవి చాలవు. వాతావరణానికి వాతావరణ శాఖ మాట, పడవలకి అక్కడి అధికారుల మాట, గదికి హోటల్‌వాళ్లతో ఫోన్‌లో మాట్లాడిన మాట నమ్మాలి. వీడియో చూస్తే మనం వెళ్లే నెలలోనే తీసినది వెతకాలి. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబం తీసినది దొరికితే, అది మసకగా ఉన్నా సరే, ముందు దాన్నే చూడాలి.

వీడియోలు తీసే అన్నలకి, అక్కలకి ఒక మనవి. చివర్లో బెల్ బటన్ నొక్కమని మమ్మల్ని అడిగే ముందు, ఏ తేదీన తీశారో, ఎవరి డబ్బుతో వెళ్లారో, పడవ కోసం ఎంతసేపు నిలబడ్డారో ఆ మూడు ముక్కలు చెప్పండి చాలు.