ఒక గడి కూడా దాటని ఊగు

మార్చిలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి డాబా మెట్లెక్కుతుంటే మా ఆవిడ నిద్రమత్తులోనే అడుగుతుంది: "మళ్లీ ఆ చుక్కేనాండీ?"

ఆ చుక్కే. బర్నార్డ్ నక్షత్రం. వృశ్చికానికి ఉత్తరాన ఒఫియూకస్ మండలంలో ఉంటుంది, కంటికి ఆనదు. దాని దూరం దాదాపు 6 కాంతి సంవత్సరాలని పుస్తకాల్లో ఉంది. గయా ఉపగ్రహం ఇంకా నిక్కచ్చిగా కొలిచింది. అయినా నా ఐదంగుళాల టెలిస్కోపుతో నేనూ కొలవాలని పిచ్చి.

మార్చిలో భూమి సూర్యుడికి ఒక పక్కన, సెప్టెంబరులో అవతలి పక్కన. మధ్య 30 కోట్ల కిలోమీటర్లు. రెండు చోట్ల నుంచీ ఫొటోలు తీస్తే, దగ్గరి చుక్క వెనకాల దూరపు చుక్కల మధ్య కాస్త జరిగి కనిపిస్తుంది. అందులో సగం లంబనం; దూరం లెక్క దాన్నుంచే. ఈ చుక్కకి 0.55 ఆర్క్ సెకను. మొత్తం ఊగు 1.1. నా కెమెరాలో ఒక్క పిక్సెల్ గడే అంతకన్నా పెద్దది! పైగా గాలి వణుకుకి చుక్క మూడు నాలుగు గడుల మేర అలుక్కుపోతుంది. అందుకే రాత్రికి అరవై ఫొటోలు తీసి, ప్రతిదాంట్లో ఆ వెలుగు మరక నడిబొడ్డు ఎక్కడో లెక్కగట్టి, సగటు తీస్తాను.

1838లో కోనిగ్స్‌బర్గ్‌లో ఖగోళవేత్త బెసెల్‌కి కెమెరా లేదు. రెండుగా కోసిన కటకం సగాలను జరుపుతూ, కంటితో చూస్తూ 61 సిగ్ని అనే చుక్క లంబనం 0.31 అని తేల్చాడు. ఇప్పటి విలువకీ దానికీ తేడా పదో వంతు కూడా లేదు. తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో చిక్కు, ఈ చుక్క సొంతంగానూ పరుగెడుతుంది. ఏడాదికి 10.3 ఆర్క్ సెకన్లు, దాదాపు నేరుగా ఉత్తరానికి. ఊగు మాత్రం తూర్పు పడమరలుగా. దారి పాములా మెలికలు తిరుగుతుందన్నమాట. ఏడాది తర్వాత అదే తేదీన తీసిన ఫొటోలో పరుగు ఒక్కటే మిగులుతుంది. దాన్ని తీసేస్తే ఊగు దొరుకుతుంది. కాబట్టి కనీసం రెండు మార్చిలు, మధ్యలో ఒక సెప్టెంబరు.

సెప్టెంబరంటే మనకు వానలు. మొదటి ఏడు నెలంతా మబ్బే. రెండో ఏడు చీకటిపడ్డాక గంటసేపు తెరిపిచ్చింది.

మొన్న లెక్క తేలింది: 0.49. అంటే 6.7 కాంతి సంవత్సరాలు.

"ఎంత తప్పారు?" అంది ఆవిడ.

"ఆరున్నర లక్షల కోట్ల కిలోమీటర్లు."

"అంతేనా," అని అటు తిరిగి పడుకుంది.