తేజి నుంచి తట్టువ దాకా: తెలుగు అశ్వనామాలలో దేశం, లక్షణం, జాతి

వ్యాససంగ్రహం: తెలుగు నిఘంటువులలోనూ ప్రబంధ వ్యాఖ్యానాలలోనూ అశ్వనామాలు చాలావరకు పర్యాయపదాలుగానే కనిపిస్తాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు నిర్దిష్ట దేశాలకు, నిర్దిష్ట రకాలకు చెందిన పేర్లు. ఆ భేదం ఎలా చెరిగిపోయిందో, దానివల్ల కావ్యపఠనంలో ఏం కోల్పోతున్నామో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అశ్వశాస్త్రం, అమరకోశం, సైంధవం, తేజి, పర్యాయపదం, అర్థపరిణామం.

1. ఉపోద్ఘాతం

అలంకారశాస్త్రం చదివినవారందరికీ 'సైంధవాన్ని తెమ్మను' అనే ఉదాహరణ పరిచితమే. భోజన సమయంలో ఆ మాటకు ఉప్పు అని, ప్రయాణ సమయంలో గుర్రం అని అర్థం చెప్పుకుంటాం. అనేకార్థక శబ్దానికి ప్రకరణమే అర్థనియామకమని నిరూపించడానికి ఆలంకారికులు దీనిని వాడుకున్నారు. అయితే ఉప్పుకూ గుర్రానికీ ఒకే పేరు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న ఆ చర్చలో ఉండదు. రెండూ సింధుదేశం నుంచి వచ్చాయి కనుక రెండూ సైంధవాలయ్యాయి. శబ్దశక్తి చర్చకు ఆ సంగతి అక్కరలేదు. కావ్యచరిత్ర రాసేవారికి మాత్రం అది అవసరం. తెలుగు అశ్వనామాల విషయంలో మనం ఇంతవరకు ఆలంకారికుల దృష్టితోనే ఆగిపోయామని ఈ వ్యాసం ప్రతిపాదన.

2. దేశనామం సామాన్యనామమైన తీరు

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం గుర్రాలను పుట్టిన దేశాన్ని బట్టి శ్రేణులుగా విభజిస్తుంది. కాంభోజ, సైంధవ, ఆరట్ట, వనాయు దేశాలవి ఉత్తమాలు. బాహ్లిక, పాపేయ, సౌవీర, తైతల దేశాలవి మధ్యమాలు. తక్కినవి అధమాలు. ఉత్తమాశ్వానికి ముఖం 32 అంగుళాలు, పొడవు దానికి ఐదు రెట్లు, ఎత్తు జంఘకు నాలుగు రెట్లు ఉండాలని కొలతలు కూడా ఇస్తుంది. స్వభావాన్ని బట్టి తీక్ష్ణం, భద్రం, మందం అని మూడుగా చెప్పి, యుద్ధానికో సవారీకో దేనిని వాడాలో దాని ఆధారంగా నిర్ణయించాలంటుంది. ఇది రాజ్యం సొమ్ము పెట్టి కొనే సరుకుకు తయారుచేసిన వర్గీకరణ. అందుకే ఇందులో వర్ణన లేదు, పరీక్ష ఉంది.

అమరకోశంలోని క్షత్రియవర్గానికి వచ్చేసరికి పరిస్థితి కొంత మారింది. అమరసింహుడు మొదట ఘోటకం, తురగం, వాజి, హయం వంటి సామాన్యనామాలను కూర్చాడు. ఆ తరువాత విశేషనామాలను విడిగా ఇచ్చాడు: కులీనమైనది ఆజానేయం, శిక్షణ పొందినది వినీతం, వేగం గలది జవనం, బరువు మోసేది పృష్ఠ్యం, రథానికి కట్టేది రథ్యం. వనాయుజ, పారసీక, కాంభోజ, బాహ్లికాలు దేశాన్ని బట్టి వచ్చిన భేదాలు. అంటే పర్యాయానికీ ప్రభేదానికీ తేడాను ఆయన పాటించాడు. కానీ సైంధవం మాత్రం దేశనామాల జాబితాలో లేదు, సామాన్యనామాలలో చేరిపోయింది. అర్థశాస్త్రంలో ఒక దేశపు గుర్రానికి పేరైన మాట అమరకోశంలో ఏ గుర్రానికైనా చెల్లే మాట అయింది. మొదట దేశం, తరువాత శ్రేష్ఠత, చివరకు సామాన్యార్థం అన్నది ఈ పరిణామక్రమం. మన 'తేజి' కూడా ఇదే దారిన నడిచింది.

3. తేజి: పదం వెనుక రేవు

తేజి అనే మాటను చాలామంది తేజస్సుతోనో వేగంతోనో ముడిపెడతారు. భాషాచరిత్ర దృష్ట్యా ఇది అరబ్బు గుర్రానికి పారసీకంలో ఉన్న 'తాజీ' అన్న పేరుకు సంబంధించినది. తాజిక శబ్దం మన సంస్కృత గ్రంథాలకు, శాసనాలకు అరబ్బులను సూచించే మాటగా పరిచితమే. ధ్వనిసామ్యం వల్ల ఒక పరదేశనామం సంస్కృత ధాతువుల నీడలో దాగిపోయింది. ఇటువంటి చోట 12వ శతాబ్దపు హేమచంద్రుని నిజాయితీ ఆదర్శప్రాయం. అభిధానచింతామణిలో కోకాహం, ఖోంగాహం, సేరాహం, వోల్లాహం వంటి వర్ణభేద నామాలకు వ్యుత్పత్తులు చెబుతూనే, ఇవి ప్రాయికంగా దేశ్యాలని, అక్షరక్రమాన్ని నిలపడానికే వ్యుత్పత్తి చెబుతున్నానని ఆయన తన వ్యాఖ్యలో ఒప్పుకున్నాడు. ఆధునిక కాలంలో పి.కె. గోడే భారతీయ వాఙ్మయంలోని పారసీకాశ్వ ప్రస్తావనలను సేకరించి ఈ పేర్ల చారిత్రక విలువను చూపించాడు. తెలుగు పదజాలానికి అటువంటి కృషి విస్తారంగా జరగవలసి ఉంది.

ఈ పదాల వెనుక ఉన్న వాణిజ్యం చిన్నది కాదు. పాండ్యదేశపు రాజులు ఏటా వేల గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకుంటారని, సంరక్షణ తెలియక అవి ఎక్కువకాలం బతకవని మార్కోపోలో రాశాడు. విజయనగరాన్ని గురించి రాసిన న్యూనిజ్, అక్కడి రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని చెప్పాడు. సాళువ నరసింహుడు ఓడలో చనిపోయిన గుర్రానికి కూడా తోక చూపిస్తే వెల ఇచ్చేవాడని అతడే రాశాడు. సంఖ్యలలో అతిశయోక్తి ఉండవచ్చు, అవసరం మాత్రం నిజం. ఆముక్తమాల్యద నాలుగవ ఆశ్వాసంలోని రాజనీతి భాగం కూడా దీనినే బలపరుస్తుంది. ఏనుగులను, గుర్రాలను తెచ్చే దూరదేశ వర్తకులను ఆదరించి, లాభం కల్పించి, ఆ సరుకు శత్రువులకు చేరకుండా చూసుకోవాలని రాయలు అక్కడ చెప్పాడు.

ఈ నేపథ్యంలో ఆ కాలపు కావ్యంలో 'తేజి' అన్న మాట ఎదురైతే 'గుర్రము' అని అర్థం రాసి ముందుకు సాగడం సరిపోదు. ఆ మాటలో సముద్రం ఉంది, సుంకం ఉంది, రాజు ఖజానా ఉంది. దీనికి ఎదురుగా 'తట్టువ'ను ఉంచి చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. తట్టువ పొట్టి గుర్రం, సామాన్యుని సవారీకి, బరువులకు పనికొచ్చేది. తేజికీ తట్టువకూ మధ్య ఉన్నది ఛందస్సుకు వీలైన ఎంపిక మాత్రమే కాదు, ఆర్థిక, సామాజిక దూరం కూడా. ప్రతి ప్రయోగంలోనూ కవి ఈ భేదాన్ని ఉద్దేశించాడని చెప్పలేం. యతిప్రాసల కోసం వాడిన సందర్భాలు తప్పక ఉంటాయి. ఏ ప్రయోగం ఏ కోవకు చెందుతుందో తేల్చడమే వ్యాఖ్యాత పని.

4. లక్షణశాస్త్రం: పరిశీలన, ఆరోపణ

దేశనామాలకు సమాంతరంగా శాలిహోత్ర సంప్రదాయం మరొక వర్గీకరణను పెంచింది. జయదత్తుని అశ్వవైద్యకం, నకులుని పేర ఉన్న అశ్వశాస్త్రం ఈ కోవలోనివి. రెండవదానిని తంజావూరు సరస్వతీ మహల్ 1952లో చిత్రాలతో సహా ప్రచురించింది. తెలుగులో మనుమంచిభట్టు రచించిన హయలక్షణవిలాసం ఈ సంప్రదాయానికి పద్యరూపం. దంతాలను బట్టి వయస్సు కట్టడం, గిట్టలు, నడక, చూపు పరీక్షించడం వంటివి ఈ శాస్త్రంలోని అనుభవాంశం. నాలుగు పాదాలు, ముఖం తెల్లగా ఉన్న పంచకల్యాణి, మెడమీది సుడికి దేవమణి అన్న పేరు శుభాశుభ విశ్వాసానికి చెందినవి. సుడులు చూసి ఎద్దును కొనే రైతుకు ఈ దృష్టి కొత్తది కాదు.

ఇక్కడ విమర్శకు నిలవవలసిన అంశం మరొకటి ఉంది. ఈ గ్రంథాలలో గుర్రాలకు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్ర భేదాలు కూడా కనిపిస్తాయి. వాసన, స్వభావం, తేజస్సు వంటివి అందుకు ఆధారాలు. గుర్రం పుట్టిన నేలను, చేయగల పనిని బట్టి సాగిన కౌటిల్యుని పరీక్ష స్థానంలో మానవసమాజపు అంతరాల నిచ్చెన వచ్చి నిలిచింది. కనుక శాస్త్రగ్రంథంలోని 'జాతి' శబ్దాన్ని నేటి పశుశాస్త్రపు జాతికి సమానార్థకంగా అనువదించడం పొరపాటు.

5. ఆధునిక జాతిభావనతో పోలిక

నేటి అర్థంలో జాతి అంటే వంశావళి నమోదు. ఇంగ్లండులో జనరల్ స్టడ్ బుక్ 1791లో తొలిసారి వెలువడింది. పందెపు గుర్రాలైన థరోబ్రెడ్‌లకు మూలపురుషులుగా చెప్పే మూడింటి పేర్లు బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అక్కడ కూడా పేరులో దేశమే నిలిచింది. మన దేశంలో మార్వారీ, కాఠియావాడీ గుర్రాలను లోపలికి వంగి కొనలు కలిసే చెవులతో గుర్తిస్తారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ నమోదు చేసిన గుర్రపు జాతులు ఇటీవల చేరిన భీమ్‌థడితో కలిపి ఎనిమిది. వాటిలో తెలుగునేల పేర ఒక్కటీ లేదు. ఇన్ని అశ్వనామాలున్న భాషకు సొంత అశ్వజాతి నమోదై లేకపోవడం వింతగా తోచవచ్చు. కానీ ఆ నామసంపదలో ఒక భాగం దిగుమతి వల్లనే వచ్చిందని గుర్తిస్తే వింత తగ్గుతుంది.

6. ముగింపు

1. సైంధవం, తేజి అన్న రెండు పదాలూ దేశనామాలుగా మొదలై సామాన్యనామాలుగా మారాయి. నిఘంటువు చివరి దశను మాత్రమే నమోదు చేస్తే ముందరి చరిత్ర మరుగున పడుతుంది.
2. పర్యాయానికీ ప్రభేదానికీ అమరకోశం పాటించిన తేడాను తెలుగు పదసూచికలు తిరిగి పాటించాలి.
3. లక్షణగ్రంథాలలోని అనుభవజ్ఞానాన్ని, శకునాన్ని, వర్ణారోపణను విడదీసి చదవాలి.

తరగతి గదిలో విద్యార్థి 'తేజి అంటే ఏమిటి?' అని అడిగినప్పుడు 'గుర్రం' అన్న జవాబు తప్పు కాదు. కానీ అది సగం జవాబే. ఎక్కడి గుర్రం, ఎవరు తెచ్చారు, ఎవరు ఎక్కారు అన్న మిగిలిన సగం కూడా చెప్పగలిగినప్పుడే పదం కావ్యంలో తన స్థానానికి తిరిగి వస్తుంది.