కనిపించని రెండు గీతలు

తడ మండలంలో పులికాట్ ఒడ్డు పల్లెలకు గర్భ నిర్ధారణ కిట్ ఆశా కార్యకర్త సంచిలో వెళ్తుంది. దాని పనితనమంతా నైట్రోసెల్యులోజ్ పొరమీద యాంటీబాడీలనే ప్రోటీన్లతో గీసిన రెండు గీతల్లో ఉంది. ముగ్గు వేసే వేళ్లకు లాగే గీసే యంత్రానికీ ధార తెగకూడదు; సెంటీమీటరుకు సుమారు 1 మైక్రోలీటరు ద్రావణం పడాలి. ఆరాక ఆ ప్రోటీన్లు పొరను వదలవు, మూత్రం పారినా కొట్టుకుపోవు. మూత్రంలో గర్భాన్ని తెలిపే హెచ్‌సీజీ హార్మోను ఉంటే, దాన్ని పట్టుకున్న కిట్‌లోని సూక్ష్మమైన బంగారు నలుసులు మొదటి గీత దగ్గర ఆగి ఎర్రగా తేలతాయి. రెండోది కాపలా గీత. అది రాకపోతే ఆ పరీక్షే చెల్లదు. తాను చెడితే తానే చెప్పే ఇంత చవకైన పనిముట్టును చేసిన చేతులకూ, గడప గడపకూ మోసే ఆశమ్మకూ దండం పెట్టాలి.