తల్లిని విడిచిన పిల్ల తప్పు చేసిందా?

ఆశ్రమ పాఠశాలలో చదివిన వాళ్లకి మొదటి రోజు సాయంత్రం గుర్తుంటుంది. రేకు పెట్టె మంచం కింద పెట్టి, గేటు దాటి వెళ్లిపోతున్న అమ్మను చూసి ఏడ్చిన సాయంత్రం. ఆ ఏడుపు గురించి మనం చాలాసార్లు చెప్పుకున్నాం. ఏడవని పిల్లల గురించి మాత్రం తక్కువ చెప్పుకున్నాం. కొత్త దుప్పటి చూసి, వేడి అన్నం చూసి లోపల సంతోషపడిన పిల్లలు కూడా ఉన్నారు. పెద్దయ్యాక వాళ్లు ఆ సంతోషం సంగతి ఎవరికీ చెప్పరు. ఇంటి దగ్గర అమ్మ జావ తాగి పడుకున్న రాత్రి మనం ఇక్కడ కడుపునిండా తిన్నామే అన్న మాట ముల్లులా ఉండిపోతుంది. మేమూ ఆ పిల్లల్లో వాళ్లమే.

ఎక్కడో న్యూయార్క్ నగరంలో జరిగే ఒక కథ చూస్తుంటే ఆ ముల్లు మళ్లీ కదిలింది. కథ పేరు 'రష్యన్ డాల్'. 2019 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన సీరియల్. మొదటి సీజన్ ఎనిమిది భాగాలు, ఒక్కొక్కటి సుమారు అరగంట. నటాషా లియోన్, లెస్లీ హెడ్‌లాండ్, ఏమీ పోలర్ అనే ముగ్గురు స్త్రీలు కలిసి దీన్ని తయారుచేశారు. ప్రధాన పాత్ర నాదియాగా లియోనే నటించింది. ఒక మాట ముందే చెబుతున్నాం. ఇందులో మత్తు, బూతు మాటలు, చావులు చాలా ఉన్నాయి. బడి పిల్లలకి చూపించేది కాదు. మేము కొందరు టీచర్లం, డిగ్రీ చదివే మా తమ్ముళ్లు, చెల్లెళ్లతో కూర్చుని సెలవుల్లో చూశాం.

చనిపోయిన మనిషి మళ్లీ అదే రోజులోకి వచ్చిపడే కథలు కొత్తవి కావు. 1993లో వచ్చిన 'గ్రౌండ్‌హాగ్ డే' సినిమాలో కూడా ఒకే రోజు తిరిగి తిరిగి వస్తుంది. గానుగెద్దు ఎంత నడిచినా గానుగ దగ్గరే ఉంటుంది కదా, అలాంటి కథలివి. వీటిని టైమ్ లూప్ కథలంటారు. 'రష్యన్ డాల్' కూడా అలాగే మొదలవుతుంది. నాదియాకి ఆ రోజు 36వ పుట్టినరోజు. స్నేహితురాలి ఇంట్లో స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఉంటుంది. బయట ఎవరో తలుపు కొడుతుంటారు. ఆ రాత్రి తప్పిపోయిన తన పిల్లి రోడ్డుకి అవతల కనబడితే పరుగెత్తి, కారు గుద్ది చనిపోతుంది. కళ్లు తెరిస్తే మళ్లీ అదే అద్దం, తలుపు మీద అదే చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీంచి పడి చనిపోతుంది, నీళ్లలో పడి చనిపోతుంది, చలికి చనిపోతుంది. ప్రతిసారీ అద్దం ముందుకే వస్తుంది.

కొన్ని చావుల తర్వాత ఒక లిఫ్టు తెగి కిందికి పడిపోతుంటుంది. అందులో అందరూ భయంతో కేకలు పెడుతుంటే ఒక కుర్రాడు మాత్రం కదలకుండా నిలబడి ఉంటాడు. అతని పేరు అలన్. అతనికీ ఇదే జరుగుతోంది. పెళ్లి చేసుకుందామని అడగబోయిన అమ్మాయి కాదని వెళ్లిపోయిన రోజులోకే అతను మళ్లీ మళ్లీ వస్తున్నాడు. ఇద్దరూ ఒకే సమయానికి చనిపోతున్నారు. ఎందుకో తెలుసుకోవడమే మిగతా కథ.

మేము ఇక్కడ ఆగి ఆలోచించింది ఒక్క విషయం గురించి. నాదియా లోపల రెండు అపరాధాలు ఉన్నాయి. పైకి రెండూ ఒకేలా నొప్పి పెడతాయి. నిజానికి అవి వేరువేరు.

మొదటిది తల్లి గురించి. నాదియా తల్లి లెనోరా మనసు బాగాలేని మనిషి. ఇంట్లో అద్దాలన్నీ పగలగొడుతుంది. కొట్టుకి వెళ్లి అవసరం లేకున్నా పుచ్చకాయల మీద పుచ్చకాయలు కొంటుంది. చిన్నపిల్ల నాదియా అంతా చూస్తూ ఉంటుంది. చివరికి ఆ పిల్ల తల్లిని వదిలి, తల్లి స్నేహితురాలు రూత్ దగ్గర ఉంటానని కోరుకుంది. తర్వాత తల్లి చనిపోయింది. 36 ఏళ్లు కూడా నిండలేదు. అందుకే ఈ పుట్టినరోజు నాదియాకి పండగ కాదు. తల్లి చేరని వయసుకి తాను చేరడం ఆమెకి దొంగతనంలా ఉంది. తాను వెళ్లిపోబట్టే అమ్మ పోయిందని పాతికేళ్లుగా లోపల నమ్ముతూ ఉంది. ఎవరికీ చెప్పలేదు. సిగరెట్టు, తాగుడు, వెటకారం మాటలతో కప్పుకుంది.

రెండోది ఒక కొట్టు దగ్గర జరిగింది. మొట్టమొదటి రాత్రి, లూప్ మొదలుకాక ముందు, నాదియా ఒక మగవాడితో కలిసి రాత్రిపూట తెరిచి ఉండే కొట్టుకి వెళ్లింది. అక్కడ తాగి తూలుతూ, సీసాలు కిందపడేస్తూ ఒక కుర్రాడు ఉన్నాడు. చూసింది. ఏదో బాగాలేదని అర్థమైంది కూడా. కానీ పక్కనున్నవాడితో వెళ్లిపోయింది. ఆ కుర్రాడు అలన్. ఆ రాత్రే అతను మేడ మీంచి దూకి ప్రాణం తీసుకున్నాడు. అతనికి కూడా ఆ సంగతి చాలా లూప్‌ల తర్వాతే గుర్తుకొస్తుంది.

ఈ రెండింటిలో నాదియా ఇన్నాళ్లూ మోసింది మొదటిది. రెండోది ఆమెకి గుర్తే లేదు. ఈ సీరియల్‌లో మాకు అన్నిటికన్నా నిజమనిపించిన సంగతి ఇదే. మనిషి తాను చెయ్యని తప్పుని ఏళ్లకేళ్లు మోస్తాడు. చేసిన తప్పుని మరునాటికే మరిచిపోతాడు. మొదటిదాని బరువు కింద రెండోది కనబడకుండా పోతుంది కూడా.

చిన్నపిల్ల నాదియా బతకాలనుకుంది. అంతే. అది తప్పు ఎలా అవుతుంది? ఏడో భాగంలో నాదియా తన మనసులో మాట రూత్‌కి చెబుతుంది. రూత్ ఆమెను ఊరుకోమని బుజ్జగించదు. ఈ లోకంలో నిలబడాలని అంతగా కోరుకున్న ఆ పిల్ల ఎంత అందంగా ఉండేదో గుర్తుచేసి, ఇప్పుడు ఎక్కడ చూసినా చావునే వెతుక్కుంటున్నావే, ఆ పిల్ల ఎటు పోయిందని అడుగుతుంది. అదే భాగంలో నాదియాకి తన చిన్నప్పటి రూపం ఎదురవుతుంది. నోట్లోంచి రక్తంతో పాటు అద్దం ముక్క బయటికి వస్తుంది. అమ్మ పగలగొట్టిన అద్దం ముక్క ఇన్నేళ్లూ కూతురి గొంతులో ఉందన్నమాట. మాటల్లో చెప్పే వ్యాఖ్యానం అక్కర్లేదు, ఆ దృశ్యం చాలు.

అద్దాల గురించి ఇంకొక మాట. ప్రతి లూపూ అద్దం ముందే మొదలవుతుందని చెప్పాం. పోనుపోనూ లోకంలోంచి వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతాయి. చేపలు పోతాయి, మనుషులు పోతారు, ఆ అద్దాలు కూడా పోతాయి. పళ్లు పైకి కుళ్లిపోయి కనబడతాయి, కోసి చూస్తే లోపల బాగానే ఉంటాయి. ఆత్మవిమర్శ అంటే అద్దంలో మొహం చూసుకుంటూ నన్ను నేను తిట్టుకోవడం అనుకునే వాళ్లకి ఇక్కడ ఒక జవాబు ఉంది. అద్దం ముందు ఎంతసేపు నిలబడినా నాదియా బయటపడలేదు. అద్దం పోయాక ఎదుటి మనిషి మొహం చూడాల్సి వచ్చింది. దారి అక్కడ దొరికింది.

నాదియా కంప్యూటర్ ఆటలు రాసే ప్రోగ్రామర్. ఎక్కడో కోడ్‌లో తప్పుంది, దాన్ని సరిచెయ్యాలి అన్నట్టుగానే ఆమె ఆలోచిస్తుంది. ఆ తప్పు చివరికి ఆ కొట్టు దగ్గర దొరుకుతుంది. ఒకరికొకరు సాయం చేసుకోగలిగిన చోట చేసుకోలేదు. చివరి భాగంలో లూప్ రెండుగా చీలిపోతుంది. ఒక లోకంలో అన్నీ గుర్తున్న నాదియా, ఏమీ తెలియని తాగిన అలన్. ఇంకో లోకంలో అన్నీ గుర్తున్న అలన్, అతనెవరో తెలియని నాదియా. ఈసారి ఆమె అతన్ని వదలదు. అతను ఛీ కొట్టినా వెంట తిరుగుతుంది. మేడ మీద అతను అడుగుతాడు, దూకకపోతే సంతోషంగా ఉంటానని మాటివ్వగలవా అని. ఆ మాట ఇవ్వలేనని ఆమె చెబుతుంది. ఒంటరిగా మాత్రం ఉండవని మాటిస్తుంది. అబద్ధం చెప్పకుండా ప్రాణం నిలబెట్టింది. హాస్టళ్లలో పనిచేసే వాళ్లందరూ ఆ ఒక్క దృశ్యం చూడాలని మా కోరిక.

2022లో రెండో సీజన్ వచ్చింది. అందులో నాదియా రైలెక్కి 1982లోకి, తల్లి శరీరంలోకి వెళుతుంది. నాజీల కాలం చూసిన అమ్మమ్మ, బ్యాంకుల్ని నమ్మలేక దాచుకున్న బంగారు నాణేల్ని లెనోరా పోగొట్టింది. వాటిని తిరిగి సంపాదిస్తే అమ్మ బతుకు, తన బతుకు బాగుపడతాయని నాదియా ఆశ. ఎన్ని తంటాలు పడినా కుదరదు. జరిగిపోయింది జరిగిపోయిందే. ఇది కొంచెం అల్లిబిల్లిగా ఉన్నా, మొదటి సీజన్ చెప్పినదాన్ని గట్టిపరుస్తుంది. తల్లి చరిత్రను కూతురు తిరగరాయలేదు. రాయలేకపోయినందుకు కూతురు నేరస్థురాలు కాదు.

మాకు నచ్చనిదీ ఉంది. ఈ కథలో హార్స్ అనే ఇల్లులేని మనిషి ఉన్నాడు, పార్కులో ఉంటాడు. నాదియా ఒక రాత్రి అతని పక్కనే చలికి చనిపోతుంది. బూట్లు ఎవరో ఎత్తుకుపోవడంతో అతను ఆశ్రయ కేంద్రం వదిలి వచ్చేశాడని ఆమెకి తెలుస్తుంది. తర్వాతి లూప్‌లో అక్కడికి వెళ్లి, రాత్రంతా అతని బూట్లకి కాపలా ఉంటుంది. మా లెక్కలో ఆమె మారడం అక్కడే మొదలైంది. ఆ పని మరునాడు ఉదయం వరకే పనికొస్తుందని తెలిసినా చేసింది. అయినా చివరికి ఇల్లున్న ఇద్దరూ బయటపడతారు. హార్స్ ఆఖరి ఊరేగింపులో ముందు నడుస్తాడు, కానీ ఆ రాత్రి ఎక్కడ పడుకున్నాడో కథ చెప్పదు. ఆ ప్రాంతంలోని టాంప్కిన్స్ స్క్వేర్ పార్కులో 1988 ఆగస్టులో, రాత్రిపూట పార్కు మూసేస్తామన్నందుకు జనానికీ పోలీసులకీ పెద్ద ఘర్షణ జరిగింది. ఇల్లులేని వాళ్లు అప్పట్లో అక్కడే గుడారాలేసుకుని ఉండేవాళ్లు. ఇంకా వెనక్కి వెళితే మన్‌హాటన్ అన్న పేరే అక్కడి ఆదివాసులు లెనాపే వాళ్ల భాషలోంచి వచ్చింది. ఆ నేల వాళ్లది. యూరప్‌లో యూదుల నుంచి దోచిన బంగారాన్ని రెండో సీజన్ జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంది, కాళ్ల కింది నేల కథ మాత్రం మాకెక్కడా కనబడలేదు. ఒక మనిషి మనసులోకి లోతుగా వెళ్లే కథలు చాలాసార్లు ఇలా బయట ఆగిపోతాయి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన యువతని తరచూ ఒక మాట అంటారు. మీరే కదా భాష మరిచిపోయింది, మీరే కదా గూడెం వదిలేసింది అని. బయటివాళ్లే కాదు, మనవాళ్లూ అంటారు. ఆరేళ్ల పిల్లని తెలుగు పుస్తకం ముందు కూర్చోబెట్టింది ఎవరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కువి, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకి పుస్తకాలు తెచ్చే పని మొదలైంది 2004లో. అంతకుముందు చదివిన పిల్లలకి ఇంకో దారి ఎక్కడుంది? బడిలో అన్నం తిన్నందుకు, తెలుగు నేర్చినందుకు, బతకాలనుకున్నందుకు ఆ పిల్లలు ఎవరికీ బాకీ లేరు. ఆ నింద దించుకోవాలి.

దించుకున్నాక కొట్టు దగ్గర ఏం చేశామో కూడా చూసుకోవాలి. ఇది మా సంగతి. మాలో ఒకరి తరగతిలో ఒక పిల్ల కువిలో జవాబు చెబితే, తెలుగులో చెప్పు అని కసిరాం. జవాబు సరైనదే. ఆ పిల్ల ఆ ఏడాదంతా మళ్లీ చెయ్యి ఎత్తలేదు. ఇంకొక చోట భోజనాల దగ్గర ఒక కుర్రవాడు రెండు రోజులు కంచం ముట్టకుండా లేచిపోయాడు. చూశాం. రిజిస్టరు పని ఉందని ఊరుకున్నాం. మూడోరోజు తెల్లవారేసరికి వాడు మంచం మీద లేడు. కొండదారిన నడిచి ఇల్లు చేరాడని సాయంత్రానికి కబురొచ్చింది. బతికి చేరాడు కాబట్టి ఇక్కడ రాయగలుగుతున్నాం. ఈ రెండు తప్పులూ ఎవరూ మా మీద మోపినవి కావు. మావే.

మన కంచం ముట్టని పిల్లవాడికి లూప్ లేదు. నాదియాకి ఆ కొట్టులోకి మళ్లీ వెళ్లే అవకాశం దొరికింది, మనకి దొరకదు. అయితే బడి కూడా ఒకరకంగా తిరిగి తిరిగి వచ్చేదే. ప్రతి జూన్‌లో గేటు దగ్గర అదే రేకు పెట్టె, వెనక్కి తిరిగి చూస్తూ వెళ్లే అదే అమ్మ, ఏడ్చే పిల్ల, ఏడవని పిల్ల. ఈసారి జూన్‌లో ఏడవని పిల్ల పక్కన కూడా కాసేపు కూర్చుందాం. ఆ పిల్ల ఇంటి భాషలో ఒక్క మాటైనా నేర్చుకుని, ఆ మాటతో పలకరిద్దాం.