భప్కా మీద చెయ్యి

కనౌజ్‌లో అత్తరు భట్టీలు చూపించేవాళ్లలో చాలామంది నూర్జహాన్‌తో మొదలుపెడతారు. స్నానాల తొట్టి, గులాబీ రేకులు, నీటి మీద తేలిన నూనె, మైమరచిన పాదుషా. కథ బాగానే ఉంటుంది. కాకపోతే జహంగీరు తన ఆత్మకథలో ఆ ఘనత నూర్జహాన్‌కి ఇవ్వలేదు, ఆమె తల్లి అస్మత్ బేగానికిచ్చాడు. పన్నీరు తయారుచేస్తుంటే పైన తేరిన తెట్టును ఆమె గమనించిందనీ, గులాబీ అత్తరు అలా పుట్టిందనీ రాసుకున్నాడు.

నేను చెప్పబోయే కుర్రాడు ఈ కథ అడిగితేనే చెబుతాడు, అదీ తల్లి పేరుతోనే. తాతముత్తాతల నాటి నుంచీ అత్తరు తీస్తున్న ఇంట్లో పుట్టాడు. ముప్ఫై దాటాయి. వచ్చినవాళ్లకి భట్టీ చూపించడం ఇప్పుడు అతని వంతు. దాన్ని అమ్మకానికి ముందు జరిగే తంతులా కాకుండా, పూలు కాచడం ఎంత పనో ఇదీ అంత పనే అన్నట్టు చేస్తాడు.

కాన్పూరు నుంచి కనౌజ్‌కి ఎనభై కిలోమీటర్ల చిల్లర ప్రయాణం. హర్షుడి కన్యాకుబ్జం ఇదే. ఆ వైభవం తాలూకు ఆనవాళ్లు వీధుల్లో పెద్దగా కనబడవు, అత్తరు అంగళ్లు మాత్రం సందుసందునా ఉన్నాయి.

అందరూ తిన్నగా పొగ వస్తున్న చోటికి తీసుకెళతారు, ఇతను ముందు ఖాళీ డేగ్ దగ్గర ఆపుతాడు. డేగ్ అంటే మన పెళ్లివంటల గుండిగలాంటి రాగి పాత్ర. తల లోపలికి పెట్టి చూడమంటాడు. మూత ఎత్తి చేతికిస్తాడు. దాన్ని సర్‌పోస్ అంటారు. ఆవిరి నడిచే వెదురు గొట్టం చోంగా. దానికి పొడవునా తాడు చుట్టి ఉంటుంది. చివర పొడవాటి మెడ, గుండ్రటి పొట్ట ఉన్న మరో రాగి పాత్ర, భప్కా. దాన్ని నీళ్ల తొట్టిలో కూర్చోబెడతారు. ఇవన్నీ తడిమి చూశాకే నిప్పున్న వైపు నడిపిస్తాడు. మూత బిగించాక లోపల జరిగేది ఎవరికీ కనబడదు కాబట్టి, ముందే లోపలి బొమ్మ మన బుర్రలో గీసిపెడతాడన్నమాట. ఈ వరస అతనికి ఎవరూ నేర్పలేదట. చిన్నప్పుడు తను ఏ వరసలో చూశాడో అదే వరసలో చూపిస్తున్నాడు.

మండుతున్న భట్టీ దగ్గరికి వెళ్లాక అతను దాదాపు మాట్లాడడు. అక్కడ ఒక పెద్దాయన ఉంటాడు. కుర్రాడు "చాచా" అంటాడు, పెద్దాయన "బేటా" అంటాడు. ఆయన తండ్రి కూడా ఇదే ఇంట్లో భట్టీ నడిపాడు. తెల్లారగట్ల కోసిన గులాబీలు, నీళ్లు డేగ్‌లో పడ్డాక, మూత అంచు చుట్టూ మట్టీ దూదీ కలిపి మెత్తిన ముద్దను పెద్దాయన బొటనవేలితో నొక్కుకుంటూ పోతాడు. ఎక్కడ సందు మిగిలినా వాసన గాల్లో కలుస్తుంది, అంటే డబ్బు గాల్లో కలిసినట్టే. కింద కట్టెలు, పిడకలు. వేడి కొలిచే సాధనంగానీ ఆవిరి ఒత్తిడి చెప్పే ముల్లుగానీ ఎక్కడా లేదు. భప్కాలో ముందే పోసిన మంచిగంధం నూనె, వచ్చే సువాసనను పట్టి ఉంచుతుంది.

మరి లోపల ఎంత చేరిందో తెలిసేదెలా? కుర్రాడు జవాబు చెప్పడు. తొట్టి నీళ్లలో చెయ్యి పెట్టి భప్కా పొట్ట పట్టుకోమంటాడు. చల్లగా ఉంటుంది. కాసేపు పూల గురించీ వానల గురించీ మాట్లాడి మళ్లీ పెట్టమంటాడు. ఈసారి ఒక చోట వెచ్చన, దాని పక్కనే చల్లన. అప్పుడు చాచా తన చెయ్యి పెట్టి, లోపల ఇంత పడిందని చెబుతాడు. మనకు వెచ్చదనం అందింది, ఆయనకు కొలత అందింది. ఆ తేడా అర్థం కావడానికి ఇంతకంటే మంచి పాఠం ఉంటుందనుకోను.

చాలినంత చేరిందనుకోగానే తడిగుడ్డతో డేగ్‌ని తుడిచి ఆవిరి జోరు తగ్గిస్తారు. నిండిన భప్కా తీసి ఇంకోటి పెడతారు. చల్లారాక నూనె పైన, నీళ్లు కింద నిలుస్తాయి. అడుగున ఉన్న చిల్లు నుంచి నీళ్లు వదిలి, వాటిని మళ్లీ డేగ్‌లోనే పోస్తారు, వాటిలోనూ కాస్త పువ్వు మిగిలి ఉంటుంది కాబట్టి. కొత్త పూలు, అదే గంధపు నూనె. నూనె ఇక పట్టలేనంత వరకూ రోజుల తరబడి ఇదే పని.

పూలే కాదు, మట్టినీ కాస్తారు. కాల్చిన మట్టి ముక్కలను డేగ్‌లో వేసి తొలకరి వాసనను గంధంలోకి దించుతారు. వాన వాసన ఎక్కడిదని పరిశోధించి 1964లో 'నేచర్' పత్రికలో వ్యాసం రాసిన బేర్, థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు, ఉత్తరప్రదేశ్‌లో ఈ వాసనను అత్తరుగా తీసి అమ్ముతున్నారని అందులో ప్రస్తావించారు. ఈ ముచ్చట కుర్రాడు గర్వంగానే చెబుతాడు. గర్వపడనిద్దాం, ఆ హక్కు అతనికుంది.

అతని మీద నా గౌరవం పెరిగింది మాత్రం చివర్లో, అంగట్లో. మంచిగంధం అరుదై, ధర ఆకాశాన్నంటాక చాలా అత్తర్లకు లిక్విడ్ పారాఫిన్ ఆధారమైంది. ఈ మాట కొనేవాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. ఇతను ఒక మణికట్టు మీద ఒకటి, రెండో మణికట్టు మీద ఇంకొకటి రాసి, భోజనం చేసొచ్చి వాసన చూసుకోమన్నాడు. ముందు రెండూ గులాబీలే. భోజనం తర్వాత ఒకటి పల్చబడింది. రెండోది గంధంతో కలిసి ఒంటి వాసనైపోయింది. తను రెండూ అమ్ముతాడు, ఏది ఏదో చెప్పి అమ్ముతాడు. గంధం నూనె కూడా లేకుండా తీసే రూహ్ గులాబ్ సీసా చూపించి, కిలో నూనెకు నాలుగు వేల కిలోల చుట్టూ పూలు కావాలన్నాడు. ధర నేను అడగలేదు.

ఒక్క లోటు చెప్పాలి. సీసాల మీద ఆ ఇంటి పేరుంటుంది, చాచా పేరుండదు. పరంపర అనగానే మనం యజమానుల తరాలు లెక్కపెడతాం, నిప్పు చూసినవాళ్ల తరాలు లెక్కలోకి రావు. కుర్రాడు ఆ మాట కాదనలేదు. తన వంతుగా చేయగలిగింది, భట్టీ దగ్గర తను పక్కకు తప్పుకుని ఆయన్ని ముందు నిలబెట్టడమే అన్నాడు.

మాది తెలుగు నేల అనగానే గంజాం ఎంత దూరమని అడిగాడు. ఇచ్ఛాపురం దాటితే ఆ జిల్లానే అన్నాను. మొగలిపువ్వు అత్తరుకి ఆ తీరమే పుట్టిల్లు. కోసిన పువ్వు వాసన నిలవదు కాబట్టి అక్కడ డేగ్‌లే పొదల దగ్గరికి వెళతాయి. తను మొదటిసారి నిప్పు చూసింది అక్కడేనట, వానల్లో. "ఈసారి అక్కడికి రండి" అన్నాడు. "కానీ అక్కడ ఇలా తిప్పి చూపించడాలు కుదరవు. పువ్వు దిగిందంటే మీరు కూడా డేగ్ నింపాల్సిందే."